పెట్టెలోకి ఏ లైసెన్సు? జీపీఎల్ నుంచి ఎంఐటీ దాకా, పరికరాలు తయారుచేసేవాళ్ళ కోసం ఒక పోలిక

కోఠి గుజరాతీ గల్లీలో దొరికే యూఎస్‌బీ-సీరియల్ ముక్క ఒకటి తెచ్చుకోండి. ఇంట్లో మూలన పడున్న పాత రౌటరో వైఫై కెమెరానో మూత విప్పితే, బోర్డు మీద వరసగా నాలుగు పిన్నులో, పిన్నుల కోసం వదిలిన నాలుగు చిల్లులో కనబడతాయి. వైర్లు తగిలించి, స్పీడు 115200 పెట్టి, కరెంటివ్వండి. చాలా పెట్టెల్లో స్క్రీను మీద లైన్లు ఇలా పరుగెడతాయి: ముందు పెట్టెను నిద్రలేపే బూట్‌లోడర్ యూ-బూట్, ఆ వెనక అన్నిటినీ నడిపించే లైనక్స్ కెర్నెల్, చివర్లో చిన్న చిన్న కమాండ్ల మూట బిజీబాక్స్ తన వెర్షను నంబరు చెప్పి ఆగుతుంది. మొత్తం పది నిమిషాల పని.

ఆ మూడూ జీపీఎల్ (జనరల్ పబ్లిక్ లైసెన్స్) అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఉన్న ప్రోగ్రాములే. ఆ పెట్టె అమ్మినవాళ్ళు వాటి సోర్సు కోడు, అంటే మనుషులు రాసిన అసలు ప్రోగ్రాము, ఇవ్వాలి, లేదా అడిగితే ఇస్తామని రాసివ్వాలి. అట్టపెట్టెలో వచ్చిన కాగితాలన్నీ తిరగేయండి. ఆ మాట ఎక్కడైనా కనబడితే మీరు అదృష్టవంతులు.

నేను చర్లపల్లి, కుషాయిగూడ వైపు చిన్న కంపెనీలకు ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే ప్రోగ్రాము) రాసిపెడుతుంటాను. కొత్త బోర్డు మొదలైన ప్రతిసారీ యజమాని రెండు ప్రశ్నల్లో ఒకటి అడుగుతాడు. "లైనక్స్ పెడితే మన కోడంతా ఊరికి పంచాలట కదా?" అన్నది ఒకటి. "ఓపెన్ సోర్సే కదండీ, ఫ్రీయే కదా, మళ్ళీ లైసెన్సేంటి?" అన్నది రెండోది. మొదటాయన భయంతో మంచి దారి వదిలేసుకుంటాడు, రెండో ఆయన ధైర్యంగా వెళ్ళి ఇరుక్కుంటాడు. ఈ పోలిక వాళ్ళిద్దరి కోసం. నేను లాయర్ని కాను. నోటీసు చేతికొచ్చాక మాత్రం లాయర్నే పట్టుకోండి.

## ముందు చూసుకోవాల్సినవి

లైసెన్సుల పేర్ల జోలికి పోకముందు మీ పెట్టె గురించి మీకు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, పెట్టె చేతులు మారినప్పుడు దానితో పాటు ఏం ఇవ్వాలి. మీ ఆఫీసులో, మీ ల్యాబులో ఏం వాడుకున్నా ఈ లైసెన్సులు అడగవు. పరికరం గడప దాటి కొన్నవాడి చేతికి వెళ్ళిన క్షణాన బాధ్యత మొదలవుతుంది. కొన్నిటికి ఒక పేజీ కాపీరైట్ పాఠం చాలు, కొన్నిటికి మొత్తం సోర్సు కావాలి.

రెండోది తాళం. మీరు సంతకం చేసిన ఫర్మ్‌వేర్ తప్ప ఇంకేదీ బూట్ కాకుండా బిగించాలని ఉందా? పేమెంటు యంత్రాలు, మీటర్లు చేసేవాళ్ళకు ఇది తప్పదు. ఆ అవసరం లేనివాళ్ళు కూడా చిప్‌లో ఉంది కదా అని బిగించేస్తుంటారు.

మూడోది మీ సొంత కోడు. లైసెన్సు దాన్ని ఎంతవరకు లాగుతుందన్నది దాన్ని ఏ లైబ్రరీకి, అంటే వేరేవాళ్ళు రాసిపెట్టిన ఏ సిద్ధ కోడుకు, ఎలా అతికించారన్న దాన్ని బట్టి ఉంటుంది.

నాలుగోది, పొరపాటు జరిగితే దిద్దుకునే గడువు ఉందా అన్నది.

ఐదోదాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. నా అనుభవంలో పెట్టెలు ముంచేది అదే. పెట్టెలో ఉన్న బైనరీకి (సోర్సు నుంచి కంపైలై వచ్చిన తుది ఫైలుకు) సరిగ్గా సరిపోయే సోర్సు మీ దగ్గర ఉందా? దాదాపు అదే, పోయిన నెలది అంటే కుదరదు. ఆ బైనరీది కావాలి. ఇది ఉంటే జీపీఎల్ అంత తేలిక లైసెన్సు లేదు. ఇది లేకపోతే ఏ లైసెన్సూ మిమ్మల్ని కాపాడదు.

| దారి | పెట్టెతో ఏం ఇవ్వాలి | తాళం వేయొచ్చా | సొంత కోడు సంగతి | ఎక్కడ ఎదురవుతుంది |
|---|---|---|---|---|
| జీపీఎల్ 2 | పూర్తి సోర్సు, బిల్డ్ స్క్రిప్టులు. లేదా 3 ఏళ్ళ రాతపూర్వక హామీ | వాదన నడుస్తోంది | విడి ప్రోగ్రామైతే మీదే | లైనక్స్ కెర్నెల్, బిజీబాక్స్, యూ-బూట్ |
| జీపీఎల్ 3 | పై దాంతో పాటు, మార్చిన కోడు ఎక్కించే దారి | ఇంటి వస్తువులకు దాదాపు కుదరదు | విడి ప్రోగ్రామైతే మీదే | కొత్త బాష్, కోర్‌యుటిల్స్ |
| ఎల్‌జీపీఎల్ | లైబ్రరీ సోర్సు, దాన్ని మార్చి మళ్ళీ అతికించే వీలు | వెర్షను 3 అయితే కష్టం | మీదే, షరతులతో | జీలిబ్‌సీ, ఎఫ్ఎఫ్‌ఎంపెగ్, క్యూటీ |
| ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ | కాపీరైట్, లైసెన్సు పాఠం | వేయొచ్చు | పూర్తిగా మీదే | ఫ్రీఆర్‌టాస్, జెఫిర్, ఎల్‌వీజీఎల్, మజిల్ |
| డబ్బిచ్చి కొనే లైసెన్సు | ఒప్పందంలో ఉన్నదే | వేయొచ్చు | మీదే | క్యూటీ, ఎక్స్264 లాంటివి |

## జీపీఎల్ 2: అందరూ భయపడేది, అందరూ వాడేది

1991లో వచ్చిన లైసెన్సిది. లైనక్స్ కెర్నెల్ ఇప్పటికీ దీని కిందే ఉంది. 3కి మారే ఉద్దేశం లేదని ఆ కెర్నెల్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ ఎప్పుడో తేల్చేశాడు. కాబట్టి లైనక్స్ పెట్టె చేస్తుంటే ఇది మీ ఎంపిక కాదు, మీకు అంటగట్టిందే. నిజంగా తేల్చుకోవాల్సింది లైనక్స్ కావాలా వద్దా అన్నదే.

ముందు మొదటాయన భయం తీరుద్దాం. కెర్నెల్ మీద మామూలు సిస్టమ్ కాల్స్‌తో నడిచే ప్రోగ్రాములు కెర్నెల్ నుంచి పుట్టినవి కావని కెర్నెల్ లైసెన్సు ఫైల్లోనే రాసి ఉంది. మీ కెమెరా యాప్, మీ మోటారు కంట్రోలు లెక్కలు, మీ క్లౌడ్ కనెక్షను అన్నీ మీవే. అడిగినా ఇవ్వక్కర్లేదు. ఇవ్వాల్సింది కెర్నెల్, దానికి మీరు చేసిన మార్పులు, బిజీబాక్స్, బూట్‌లోడర్. కెర్నెల్‌లోకి లోడయ్యే సొంత డ్రైవరు రాస్తే మాత్రం సంగతి వేరు. అక్కడ నేల మెత్తగా ఉంటుంది. రహస్యం దాచుకునే చోటు యూజర్ స్పేస్, అంటే కెర్నెల్ బయట ప్రోగ్రాములు నడిచే భాగం, అనుకోండి, కెర్నెల్ లోపల దాచాలని చూడొద్దు.

ఇచ్చే పద్ధతులు రెండు. పెట్టెతో పాటే సోర్సు ఇచ్చేస్తే అక్కడికి ఋణం తీరిపోతుంది. లేదంటే మూడేళ్ళపాటు ఎవరడిగినా ఇస్తామని రాసివ్వాలి. ఇక్కడ "ఎవరడిగినా" అంటే కొన్నవాళ్ళే అని కాదు, ఎవరైనా. కాపీ చేసి పంపే ఖర్చు మాత్రమే తీసుకోవచ్చు. చాలామంది రెండోది ఎంచుకుంటారు, ఎందుకంటే ఈరోజు చేయాల్సిన పని తక్కువ. నేనైతే మొదటిదే చెప్తాను. మూడేళ్ళ తర్వాత మీ కంపెనీలో ఎవరుంటారో మీకేం తెలుసు?

నాకు ఈ పాఠం మా సొంత తప్పుతోనే వచ్చింది. ఒక గేట్‌వే పెట్టె చేశాం. యూరప్ కస్టమరు ఒకాయన మర్యాదగా మెయిల్ రాశాడు: నా పెట్టెలో ఫర్మ్‌వేర్ 1.2.3 ఉంది, దాని జీపీఎల్ సోర్సు పంపండి అని. మా సర్వర్లో 1.2 ఉంది, 1.3 ఉంది. 1.2.3 లేదు. ఫ్యాక్టరీ నుంచి అర్జెంటుగా ఫోనొస్తే ఒకాయన రాత్రికి రాత్రి తన ల్యాప్‌టాప్‌లోనే బిల్డ్ చేసి ఇచ్చిన ఇమేజ్ అది. ఆయన ఉద్యోగం మారాడు. ల్యాప్‌టాప్ ఫార్మాట్ అయింది. ఆయనకే ఫోన్ చేసి, ఏ పాచ్ వేశావయ్యా అని అడిగి, గుర్తున్నంత కూర్చి, ఫ్లాష్ నుంచి కెర్నెల్ కాన్ఫిగ్ బయటికి లాగి, మూడు వారాలు కుస్తీ పట్టి పంపాం. దాచడానికి అందులో ఏమీ లేదు. ఇవ్వడానికీ ఏమీ లేకపోయింది, అంతే.

ఇంకో గొయ్యి చిప్ అమ్మినవాళ్ళు దానితో పాటు ఇచ్చే సాఫ్ట్‌వేర్ మూట, ఎస్‌డీకే. ఒక జిప్ ఫైలు వస్తుంది. విప్పితే కెర్నెల్ ఫోల్డరు నిండుగానే కనబడుతుంది. లోపలికి దిగి వైఫై డ్రైవరు ఫోల్డరు చూస్తే సోర్సు ఫైళ్ళు ఉండాల్సిన చోట కంపైల్ అయిన ముక్కలుంటాయి. అడిగితే "అది మా కాన్ఫిడెన్షియల్" అంటారు. వాళ్ళ రహస్యం వాళ్ళది, బాధ్యత మాత్రం పెట్టె అమ్మిన మీది. చిప్ ధర బేరమాడే రోజునే ఈ ఫోల్డరు తెరిచి చూడండి. పది వేల చిప్పులు కొనేశాక అడిగితే మెయిలుకు జవాబు కూడా రాదు.

ఇది ఈనాటి కథేమీ కాదు. 2002 చివర్లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే వైఫై రౌటరు తెచ్చింది. చిప్‌సెట్ బ్రాడ్‌కామ్‌ది, ఫర్మ్‌వేర్ తైవాన్‌కు చెందిన సైబర్‌టాన్ చేసింది. 2003లో సిస్కో ఆ లింక్‌సిస్‌ను 50 కోట్ల డాలర్లకు కొనడం, లోపల లైనక్స్ ఉందని కెర్నెల్ మెయిలింగ్ లిస్టులో బయటపడడం దాదాపు ఒకేసారి జరిగాయి. కొన్నవాళ్ళకు లోపల ఏముందో తెలీదు, తయారుచేయించినవాళ్ళు ఎక్కడో ఉన్నారు. చివరికి సోర్సు విడుదల చేశారు. ఆ సోర్సు మీదే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఓపెన్ సోర్స్ రౌటర్ ఫర్మ్‌వేర్ మొదలైంది. ఆ తర్వాతి తమాషా వినండి: 5వ వెర్షనులో ఖర్చు తగ్గించి, మెమరీ కోసి, లైనక్స్ తీసేసి వీఎక్స్‌వర్క్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టారు. జనం పాత లైనక్స్ రౌటరే కావాలన్నారు. దాంతో డబ్ల్యూఆర్‌టీ54జీఎల్ పేరుతో మళ్ళీ అదే అమ్మాల్సి వచ్చింది, ఏళ్ళ తరబడి అమ్ముడుపోయింది కూడా. సోర్సు ఇస్తే వ్యాపారం పోతుందనేవాళ్ళకు నేను ఎప్పుడూ ఈ పెట్టెనే చూపిస్తాను.

తప్పితే ఏమవుతుంది? లైసెన్సు పాఠం ప్రకారం షరతు మీరిన వెంటనే హక్కు దానంతటదే రద్దవుతుంది. అప్పటినుంచి మీరు అమ్మే ప్రతి పెట్టె కాపీరైట్ ఉల్లంఘనే. మన దగ్గర కూడా 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచన కిందే లెక్కగడుతుంది. అమెరికాలో బిజీబాక్స్ మీద 2007 నుంచి వరస కేసులు పడ్డాయి. 2009లో ఒకేసారి 14 కంపెనీల మీద వేశారు. వాటిలో వెస్టింగ్‌హౌస్ డిజిటల్ కోర్టుకు సరిగ్గా జవాబివ్వలేదు. 2010లో 90 వేల డాలర్ల నష్టపరిహారం, పైన లాయర్ల ఖర్చులు, ఆ కోడున్న టీవీలను అప్పగించాలన్న ఆదేశం, అన్నీ కలిపి మీద పడ్డాయి. కెర్నెల్ డెవలపర్లలో చాలామంది 2017లో కాస్త మెత్తబడి, తప్పు దిద్దుకుంటే హక్కు తిరిగి వచ్చేలా ఒక ప్రకటన చేశారు. అది కెర్నెల్ వరకే. మిగతా ప్రోగ్రాములకు వర్తిస్తుందని అనుకోకండి.

ఇంతకాలం కేసులు వేసింది కోడు రాసినవాళ్ళు. 2021లో సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ అనే స్వచ్ఛంద సంస్థ కాలిఫోర్నియాలో టీవీలు అమ్మే విజియో మీద వేసిన కేసు దారి మార్చింది. మేం టీవీ కొన్నాం, కొన్నవాళ్ళుగా సోర్సు అడిగే హక్కు మాకుంది అన్నది వాళ్ళ వాదన. కాంట్రాక్టు వ్యవహారంగా దీన్ని రాష్ట్ర కోర్టులో విచారించవచ్చని 2022లో ఫెడరల్ జడ్జి తిప్పి పంపారు. ఆ వాదన నిలబడితే మీకు మెయిల్ రాసే హక్కు మీ ప్రతి కస్టమరుకూ ఉన్నట్టే.

## జీపీఎల్ 3: తాళం వేసేవాళ్ళకు పడదు

టీవీ ప్రోగ్రాములు రికార్డు చేసే టివో పెట్టె సోర్సయితే ఇచ్చేది. ఆ సోర్సు మార్చి మళ్ళీ ఎక్కిస్తే మాత్రం పెట్టె ఒప్పుకునేది కాదు, సంతకం సరిపోలేదని. తాళం చెవి తన దగ్గర పెట్టుకుని ఇల్లు రాసిచ్చినట్టు. 2007 జూన్‌లో వచ్చిన మూడో వెర్షను ప్రధానంగా ఈ పద్ధతి మీదే గురిపెట్టింది. ఇంటికి, కుటుంబానికి వాడే వస్తువైతే, మార్చిన కోడును ఎక్కించి నడిపించడానికి కావాల్సిన సమాచారం కూడా ఇవ్వాలంటుంది. అవసరమైతే తాళాలు కూడా.

ఇక్కడ జనం అనుకునేదానికంటే మెత్తని భాగాలూ ఉన్నాయి. రోమ్‌లో కాల్చేసి, మీరు కూడా మార్చలేని పెట్టె అయితే ఈ షరతు లేదు. మార్చిన పెట్టెకు వారంటీ, అప్‌డేట్లు ఇవ్వక్కర్లేదు. నెట్‌వర్కును పాడుచేసేదైతే మీ సర్వరులోకి రానివ్వక్కర్లేదు. తప్పు దిద్దుకోవడానికి గడువు కూడా ఉంది: మొదటిసారి నోటీసు అందిన 30 రోజుల్లో సరిచేస్తే హక్కు తిరిగి వస్తుంది. సోర్సును నెట్‌లో పెట్టి ఇవ్వొచ్చని స్పష్టంగా రాసి ఉంది. రాతపూర్వక హామీకి మాత్రం మూడేళ్ళు దాటినా, ఆ మోడలుకు స్పేర్లో సపోర్టో ఇస్తున్నంతకాలం గడువు సాగుతుంది.

"మాది ఇంటి వస్తువు కాదు, పొలం వస్తువు" అని ఒకాయన నాతో వాదించాడు. ఆయన చేసేది మొబైల్ స్టార్టర్, ఫోన్ కొడితే పొలంలో మోటారు ఆన్ అయ్యేది. నిజమే, పొలం వరకే అయితే వాదించొచ్చు. కానీ అదే పెట్టెను ఇంటి బోరుకూ, అపార్టుమెంటు సంపుకూ అమ్ముతున్నాడు. సందేహం వస్తే ఇంటి వస్తువు కిందే లెక్క అని లైసెన్సులోనే ఉంది.

ఈ తలనొప్పి వద్దనుకున్నవాళ్ళే ఎక్కువ. ఆపిల్ తన మ్యాకుల్లో కమాండ్లు తీసుకునే బాష్ ప్రోగ్రామును జీపీఎల్ 2 కింద వచ్చిన 3.2 దగ్గరే ఆపేసి, 2019లో జీషెల్‌కు మారిపోయింది. మీరూ తాళం వేయాల్సిన పెట్టె చేస్తుంటే, లైనక్స్ ఇమేజ్ కట్టే యోక్టో కాన్ఫిగరేషన్‌లో జీపీఎల్ 3 ప్యాకేజీలు రాకుండా అడ్డుకునే లైను ఒకటి ఉంది, మొదటి రోజే పెట్టేయండి. ఆర్నెల్ల తర్వాత పెడితే రీడ్‌లైన్ అనే జీపీఎల్ 3 లైబ్రరీ ఎక్కడో లోపల నుంచి తగులుతుంది. తాళం అవసరం లేని పెట్టెకు మాత్రం నాకు ఈ లైసెన్సు మీద ఏ ఫిర్యాదూ లేదు. చదవడానికి రెండోదానికంటే ఇదే స్పష్టంగా ఉంటుంది.

## ఎల్‌జీపీఎల్: చిన్నదిగా కనిపించే పెద్ద పని

లైబ్రరీల కోసం చేసిన మధ్యేమార్గం. మీ ప్రోగ్రాము మూసి ఉంచుకోవచ్చు, లైబ్రరీని మాత్రం కస్టమరు మార్చుకునే వీలుండాలి. డైనమిక్‌గా అతికిస్తే, అంటే లైబ్రరీ విడి ఫైలుగా ఉంటే, పని తేలిక. చోటు కలిసొస్తుందని స్టాటిక్‌గా కలిపేస్తే, మళ్ళీ అతికించుకోవడానికి మీ ఆబ్జెక్టు ఫైళ్ళు ఇవ్వాలి. చిన్న ఫ్లాష్ ఉన్న బోర్డుల్లో అందరూ తప్పుచేసేది ఇక్కడే.

రెండో తప్పు లాయరు నుంచి వస్తుంది. ఎక్కడిదో వాడుక ఒప్పందం కాపీ కొట్టి "రివర్స్ ఇంజనీరింగ్ నిషేధం" అన్న లైను పెడతారు. లైబ్రరీతో కలిపిన ప్రోగ్రామును కస్టమరు తన సొంత వాడకానికి మార్చుకోవడాన్ని, ఆ మార్పులను డీబగ్ చేయడానికి రివర్స్ ఇంజనీరింగ్‌ను అనుమతించాలని ఎల్‌జీపీఎల్ 2.1 షరతు. ఆ ఒక్క లైనుతో రెండు కాగితాలూ కొట్టుకుంటాయి.

జర్మనీలో ఫ్రిట్జ్‌బాక్స్ రౌటర్లు చేసే, అప్పట్లో ఏవీఎం అనే పేరున్న కంపెనీ మీద 2023లో బెర్లిన్‌లో ఒక కొనుగోలుదారు వేసిన కేసు ఇలాంటిదే. సోర్సు ఇచ్చారు గానీ, మార్చిన లైబ్రరీని రౌటరులోకి తిరిగి ఎక్కించే స్క్రిప్టులు లేవు. కేసు పడ్డాక అవీ ఇచ్చారు. సోర్సంటే సీ ఫైళ్ళే అనుకునేవాళ్ళు ఈ కేసు గుర్తుపెట్టుకోవాలి.

టచ్ స్క్రీను పెట్టే వాళ్ళకు ముఖ్యమైన మాట: స్క్రీను మీద బటన్లు, బొమ్మలు గీసే లైబ్రరీ క్యూటీ 2016లో 5.7 నుంచి ఎల్‌జీపీఎల్ 2.1 వదిలి 3కి వెళ్ళింది. దాంతో జీపీఎల్ 3లోని తాళం షరతు దీనికీ వచ్చింది. క్యూటీ వర్చువల్ కీబోర్డు అయితే జీపీఎల్ 3 లేదా డబ్బు లైసెన్సే. డెమో బాగుందని కీబోర్డు పెట్టేసి, ప్రొడక్షన్ ముందు లెక్క చూసుకుని తల పట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. నాలుగు బటన్లు, రెండు గ్రాఫులు చూపించే స్క్రీనుకు ఎంఐటీ కింద ఉన్న ఎల్‌వీజీఎల్ సరిపోతుంది.

వీడియో, ఆడియో పనులకు వాడే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ మామూలుగా ఎల్‌జీపీఎల్. బిల్డ్ చేసేటప్పుడు జీపీఎల్ ఆప్షను ఆన్ చేస్తే మొత్తం జీపీఎల్ అవుతుంది. నాన్‌ఫ్రీ ఆప్షను కూడా ఆన్ చేస్తే ఎవరికీ పంచడానికి వీల్లేనిదవుతుంది. నెట్‌లో దొరికిన బిల్డ్ కమాండును అలాగే అతికించే ముందు ఆ రెండు మాటలూ వెతకండి.

## ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ: దాదాపు ఏమీ అడగవు

ఆండ్రాయిడ్‌ను చూడండి. కెర్నెల్ జీపీఎల్, కానీ దాని పైన గూగుల్ చాలామటుకు అపాచీ 2.0తో కట్టింది. సీ లైబ్రరీ బయోనిక్ బీఎస్‌డీ, బిజీబాక్స్ పని చేసే టాయ్‌బాక్స్ కూడా బీఎస్‌డీ తరహాదే. ఆ టాయ్‌బాక్స్ మొదలుపెట్టింది ఒకప్పుడు బిజీబాక్స్‌ను నడిపిన మనిషే. సోనీ ప్లేస్టేషన్ 4 ఫ్రీబీఎస్‌డీ మీద కట్టుకుంది. పెద్దవాళ్ళు ఈ దారి ఎంచుకోవడం సోమరితనంతో కాదు, తాళం కోసం.

మైక్రోకంట్రోలరు పెట్టెలకైతే ఇదే రాజమార్గం. ఫ్రీఆర్‌టాస్, జెఫిర్ ఈ చిన్న చిప్పుల కోసం చేసిన ఆపరేటింగ్ సిస్టమ్‌లు. 2017లో అమెజాన్ చేతికొచ్చాక ఫ్రీఆర్‌టాస్ ఎంఐటీ కిందికి మారింది. జెఫిర్ అపాచీ 2.0. అపాచీలో పేటెంటు హక్కు కూడా స్పష్టంగా ఇచ్చారు, ఎంఐటీలో ఆ మాట లేదు. మీ రంగంలో పేటెంటు గొడవలుంటే అది చూసుకోవాల్సిన తేడా.

అడగవు అన్నాను గానీ, ఒకటి అడుగుతాయి: కాపీరైట్ పాఠం. సెట్టింగుల్లో ఒక పేజీ, స్క్రీను లేకపోతే పెట్టెలో ఒక కాగితం. ఇంత చిన్న పని కూడా చేయని పెట్టెలు కోకొల్లలు. అపాచీ 2.0 కోడును జీపీఎల్ 2 మాత్రమే ఉన్న ప్రోగ్రాములో కలపడానికి లేదని కూడా గుర్తుంచుకోండి. రెండూ విడి ప్రోగ్రాములుగా పక్కపక్కన ఉంటే ఇబ్బంది లేదు.

ఈ దారిలో నష్టం లైసెన్సులో కనబడదు. చిప్ కంపెనీ ఫ్రీఆర్‌టాస్ తీసుకుని, తన మార్పులు కలిపి, బైనరీగా ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు. అందులో బగ్ వస్తే సోర్సు అడిగే హక్కు మీకు లేదు. మీ కస్టమరు విషయంలో మీకు దొరికిన సౌకర్యమే మీ మీద వాళ్ళకూ ఉంది.

ఇంకో మెలిక. మొబైల్ స్టార్టర్లో మీ కోడంతా ఫ్రీఆర్‌టాస్ మీదే ఉండొచ్చు. పక్కన అతికించిన 4జీ మోడెం మాడ్యూలు లోపల ఏముంది? వాటిలో కొన్ని లోపల లైనక్సే నడుపుతాయి. పైన్‌ఫోన్ అనే లైనక్స్ ఫోనులో మోడెం లోపల విడిగా ఇంకో లైనక్స్ ఉంది, జనం దాని ఫర్మ్‌వేర్ కూడా మార్చి రాసుకున్నారు. అంటే లైనక్స్ వద్దనుకున్న పెట్టెతో పాటు మీరు లైనక్స్ అమ్ముతూ ఉండొచ్చు. మాడ్యూలు కొనేటప్పుడే దాని సోర్సు కాగితాలు అడగండి.

డబ్బిచ్చి కొనే లైసెన్సు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పెట్టెకింత అని కట్టగలిగే ధర మీ వస్తువుకు ఉంటే, ఒప్పందంలో రాయల్టీ లెక్క, లైసెన్సు ముగిశాక పాత పెట్టెలకు అప్‌డేట్ ఇవ్వొచ్చా లేదా అన్నవి చూసుకుని తీసుకోండి.

## మీరెవరు?

స్టార్టరు, స్మార్ట్ ప్లగ్గు, సెన్సారు చేసేవాళ్ళు. లైనక్స్ మీకు అనవసరం. జెఫిర్ లేదా ఫ్రీఆర్‌టాస్, లైసెన్సు కాగితం ఒకటి. మోడెం సంగతి చూసుకోండి, అంతే.

రౌటరు, కెమెరా, గేట్‌వే. లైనక్సే. దాన్ని తప్పించుకోవాలని చూస్తే డ్రైవర్లకే మీ జీవితం సరిపోతుంది. లైనక్స్ ఇమేజ్ కట్టడానికి బిల్డ్‌రూట్ వాడితే "మేక్ లీగల్-ఇన్ఫో" అన్న ఒక్క కమాండు సోర్సులు, లైసెన్సులు, జాబితా కూర్చిపెడుతుంది. మీరు విడిగా తగిలించిన ఎస్‌డీకే ముక్కలను మాత్రం అది పట్టించుకోదు, అవి చేత్తో చేర్చాలి. దీన్నే అమ్మకపు గుణంగా చూపించే దారీ ఉంది: 2024 చివర్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్ళే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్ అనే రౌటరు 89 డాలర్లకు తెచ్చారు, సోర్సుతో, మార్చుకునే స్వేచ్ఛతో.

చైనా పెట్టె మీద స్టిక్కరు మార్చి అమ్మేవాళ్ళు. అందరికంటే ఎక్కువ ప్రమాదం మీకే. ఎందుకంటే మీ దగ్గర కోడే లేదు. "తయారీదారు ఇస్తాడులే" అని అతని హామీ కాగితాన్నే ముందుకు తోసే వీలు జీపీఎల్ 2 ప్రకారం వ్యాపారంగా అమ్మనివాళ్ళకే. కాబట్టి మొదటి ఆర్డరు డబ్బులో కొంత ఆపి, సోర్సు వచ్చి, దాన్నుంచి ఇమేజ్ బిల్డయ్యాకే ఇస్తామని కొనుగోలు ఒప్పందంలో రాయండి. డబ్బు కట్టేశాక మీ మాటకు విలువ ఉండదు.

తాళం తప్పనిసరైనవాళ్ళు. కెర్నెల్ జీపీఎల్ 2, దాని పైన మజిల్ (సీ లైబ్రరీ), టాయ్‌బాక్స్ లాంటివి, జీపీఎల్ 3 పూర్తిగా బయట. జీపీఎల్ 2 కింద తాళం చెవి ఇవ్వాలా అన్న వాదన పూర్తిగా ముగిసిందని ఎవరైనా చెప్తే నమ్మకండి, మీ లాయరు అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోండి.

యూరప్‌కు పంపేవాళ్ళు. అక్కడి సైబర్ రెసిలియెన్స్ చట్టం ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు 11 నుంచి అమల్లోకి వస్తాయి. పెట్టెలో ఏ సాఫ్ట్‌వేర్ ముక్కలున్నాయో జాబితా ఉండాలన్నది అందులో భాగం. లైసెన్సుల కోసం చేసే జాబితా, దాని కోసం చేసేది దాదాపు ఒకటే పని. రెండుసార్లు చేయకండి.

ఏ దారి ఎంచుకున్నా, పెట్టె ఫ్యాక్టరీకి వెళ్ళే ముందు ఇప్పుడు నేను ఒక పరీక్ష పెడతాను. ఆ ఇమేజ్ సోర్సు మూట కట్టి, కొత్తగా చేరిన కుర్రాడికి ఖాళీ ల్యాప్‌టాప్ ఒకటిచ్చి, ఎవరినీ ఏమీ అడక్కుండా సాయంత్రానికి ఇమేజ్ తయారుచేసి బోర్డు మీద బూట్ చేయమంటాను. అడగాల్సి వచ్చిన ప్రతి ప్రశ్న మూటలో లేని ఒక ఫైలు. మొదటిసారి పెట్టినప్పుడు ఆ అబ్బాయి పదకొండింటికల్లా నా బల్ల దగ్గరికి వచ్చాడు. "సార్, ఈ స్క్రిప్టులో హోమ్ ఫోల్డరు దగ్గర ఎవరిదో పేరుంది. ఆయనెవరు?"

ఆ రాత్రి ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేసిచ్చి వెళ్ళిపోయినాయనే.